బెంగళూరు తెలుగు ఇళ్ళలో హైస్కూలు సైన్సు: ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

మారతహళ్ళి నుంచి యలహంక దాకా, ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లల సైన్సు చదువు గురించి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. బోర్డు మారినా, బడి మారినా సందేహాలు మారవు. ఇక్కడి జవాబులు ముఖ్యంగా 9, 10 తరగతుల కోసం. పాఠాల వరుస గురించి మాట్లాడినచోట 2022-23లో కుదించిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను ఆధారం చేసుకున్నాను. ఇక్కడి సీబీఎస్‌ఈ బడులు వాటినే వాడుతూ వచ్చాయి, కర్ణాటక రాష్ట్ర సిలబస్‌లోని సైన్సు కూడా చాలా వరకు వాటి మీదే నడిచింది.

మా అమ్మాయి పదో తరగతి తర్వాత కామర్సు తీసుకుంటానంటోంది. ఆమెకు ఇంత సైన్సు ఎందుకు?

పదేళ్ళ బడి చదువులో సైన్సు, గణితం పిల్లలందరికీ తప్పనిసరిగా ఉండాలని సిఫారసు చేసింది 1964-66 నాటి కొఠారి కమిషన్. హైస్కూల్లోనే పిల్లలను వేర్వేరు శాఖలుగా విడదీసే పద్ధతిని అది వద్దంది. ఆ సిఫారసు వెనుక ఉన్న ఆలోచన, ప్రతి పిల్లా శాస్త్రవేత్త కావాలని కాదు. శాస్త్రీయ దృక్పథం, ప్రశ్నించే గుణం పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఏ(హెచ్) అధికరణం చెబుతుంది. 1976లో 42వ సవరణ ద్వారా అది చేరింది. అదే ఏడాది బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్న హెచ్. నరసింహయ్య, మహిమలను, మూఢనమ్మకాలను పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. ఆయన వృత్తిరీత్యా భౌతికశాస్త్ర అధ్యాపకుడు. మహిమ చూపుతానన్న మనిషిని ‘రండి, మా ఎదుట చూపండి’ అని అడగడం కూడా సైన్సు పాఠంలో భాగమేనని ఆయన నమ్మారు.

మీ అమ్మాయి రేపు చార్టర్డ్ అకౌంటెంట్ అయినా, కరెంటు బిల్లులో యూనిట్ అంటే ఏమిటో, జలుబుకు యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదో తెలిసి ఉండాలి. పదో తరగతితో సైన్సు వదిలేసేవాళ్ళకు ఇదే చివరి అవకాశం. కాబట్టి ఈ రెండేళ్ళ పాఠ్యప్రణాళిక ముందుగా ఆలోచించవలసింది వాళ్ళ గురించే.

పాఠ్యప్రణాళికలో రాసుకునే లక్ష్యాలు తరగతి గదిలో కనిపిస్తాయా?

కొన్ని కనిపిస్తాయి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సైన్సు బోధనకు ఆరు గీటురాళ్ళు పెట్టింది. చెప్పే విషయం పిల్లల వయసుకు అందాలి. శాస్త్రపరంగా తప్పు లేకుండా ఉండాలి. శాస్త్రం ఎలా పనిచేస్తుందో నేర్పాలి. ఒక భావన కాలక్రమంలో ఎలా రూపుదిద్దుకుందో చెప్పాలి. పిల్లల పరిసరాలతో ముడిపడాలి. నిజాయతీ, సహకారం లాంటి విలువలను పెంచాలి. మొదటి రెండింటినీ పుస్తకం రాసేవాళ్ళు చూసుకుంటారు. చిక్కంతా మూడోదానితోనూ చివరిదానితోనూ వస్తుంది, ఎందుకంటే వాటిని పుస్తకంలో అచ్చు వేయలేం.

బెంగళూరు పిల్లలకు బాగా పనికివచ్చే ఉదాహరణ ఒకటుంది. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీరు 97 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. నెల్లూరు నుంచి వచ్చిన అమ్మమ్మ మూత లేని గిన్నెలో పప్పు పెట్టి, ఇక్కడ ఉడకడానికి ఎక్కువసేపు పడుతోందని గమనిస్తుంది. తొమ్మిదో తరగతి ప్రయోగశాలలో థర్మామీటరు పట్టుకున్న మనవడు మాత్రం 97 చూసి, రికార్డు పుస్తకంలో 100 అని రాస్తాడు. పుస్తకంలో 100 అని ఉంది, 97 రాస్తే మార్కులు తగ్గుతాయేమోనని వాడి భయం. ఆ ఒక్క అంకె దగ్గర ప్రయోగం, నిజాయతీ, పరిసరాలు మూడూ ఒకేసారి దెబ్బతింటాయి. అదే టీచరు ‘అందరికీ 97 ఎందుకు వచ్చింది?’ అని ఒక్క ప్రశ్న వేస్తే, పీడనానికీ మరిగే ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధాన్ని మళ్ళీ ఎప్పుడూ బట్టీ పట్టవలసిన పని ఉండదు.

పరీక్షలు ఈ వైపు కొంత కదిలాయి. సీబీఎస్‌ఈ 9, 10 తరగతుల ప్రశ్నపత్రంలో సగం దాకా అన్వయ సామర్థ్యాన్ని పరీక్షించే ప్రశ్నలే. వాటినీ బట్టీ పట్టించే గైడ్లు అప్పుడే బజారులోకి వచ్చేశాయి, అది వేరే సంగతి.

తెలంగాణలో భౌతిక రసాయన శాస్త్రాలకు ఒక పుస్తకం, జీవశాస్త్రానికి ఒక పుస్తకం ఉండేవి. ఇక్కడ అన్నీ కలిపి ఒకటే. ఏది మంచిది?

అట్టలు ఎన్ని ఉన్నాయన్నది పెద్ద విషయం కాదు. ఐసీఎస్‌ఈలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు మూడు వేర్వేరు పేపర్లు, ప్రతిదానికీ రాతపరీక్ష 80, అంతర్గత మూల్యాంకనం 20. సీబీఎస్‌ఈలో మూడూ కలిపి 80, ఆపైన 20. సహజంగానే ఐసీఎస్‌ఈలో వివరం ఎక్కువ.

ఒకే పుస్తకం పెట్టడంలోని ఉద్దేశం, ఒక శాస్త్రం మరోదానికి అవసరమయ్యే చోట్లు పిల్లలకు కనిపించాలని. ఆచరణలో చాలా బడులు ఆ ఒక్క పుస్తకాన్నీ ముగ్గురు టీచర్లకు పంచేస్తాయి. ముగ్గురూ జూన్ నెలలో తమ తమ మొదటి పాఠం మొదలుపెడతారు. అప్పుడు పదో తరగతిలో కిరణజన్య సంయోగక్రియ సమీకరణం ఒక గదిలో, సమీకరణాలను తుల్యం చేయడం మరో గదిలో, ఒకే వారం నడుస్తాయి. టీచర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే బడిలో ఇదొక వరం. మాట్లాడుకోని బడిలో పుస్తకం ఒకటైనా మూడైనా తేడా లేదు.

తొమ్మిదో తరగతిలో విద్యుత్తు, కాంతి పాఠాలే లేవు. పొరపాటా?

పొరపాటు కాదు. తొమ్మిదిలో భౌతికశాస్త్రం చలనం, బలం, గురుత్వాకర్షణ, పని-శక్తి, ధ్వని అనే వరుసలో వెళుతుంది. పదిలో కాంతి, కన్ను, విద్యుత్తు, విద్యుత్ ప్రవాహపు అయస్కాంత ఫలితాలు వస్తాయి. ఈ విభజనకు గట్టి కారణముంది.

వోల్టు అంటే ఏమిటి? ఒక కూలుంబు ఆవేశాన్ని ఒక చోటు నుంచి మరో చోటుకు జరపడానికి చేసిన పని ఒక జౌలు అయితే, ఆ రెండు చోట్ల మధ్య పొటెన్షియల్ భేదం ఒక వోల్టు. అంటే పని అనే భావన లేకుండా వోల్టు లేదు. పనికి బలం కావాలి, బలానికి త్వరణం కావాలి, త్వరణానికి వేగంలో మార్పు కావాలి. తొమ్మిదో తరగతి జులైలో చెప్పిన చలనం, పదో తరగతి డిసెంబరులో చెప్పే ఓం నియమానికి పునాది. మధ్యలో ఒక్క మెట్టు ఊడినా పిల్లలు V = IR సూత్రాన్ని వాడగలరు, లెక్క చేయగలరు, మార్కులూ తెచ్చుకోగలరు. V అంటే ఏమిటని అడిగితే మాత్రం ‘వోల్టేజి’ అని ఊరుకుంటారు.

పదో తరగతి పిల్లలు విద్యుత్తు కష్టమంటూ ఉంటే, నా సలహా విద్యుత్తు పాఠాన్ని మూడోసారి చదివించవద్దని. తొమ్మిదో తరగతిలోని పని-శక్తి పాఠాన్ని మళ్ళీ తెరవండి. జబ్బు సాధారణంగా అక్కడే ఉంటుంది.

రసాయన శాస్త్రంలోనూ ఇలాంటి వరుసే ఉంది. కంటికి కనిపించే పదార్థంతో మొదలై, మిశ్రమాలను వేరు చేయడం మీదుగా అణువులు, పరమాణువుల దగ్గరికి, చివరికి పరమాణువు లోపలికి వెళుతుంది. తొమ్మిదిలో నేర్చిన 2, 8, 8 ఎలక్ట్రాన్ విన్యాసం (పరమాణువులో ఏ కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయన్నది) పదిలో లోహాలు-అలోహాలు, కార్బన్ పాఠాలకు ఆధారం. సోడియం ఎందుకు ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది, కార్బన్ ఎందుకు పంచుకుంటుంది అనేవి ఆ విన్యాసంతోనే తేలతాయి.

అదే విషయం ఆరులో, ఎనిమిదిలో, పదిలో మళ్ళీ మళ్ళీ వస్తోంది. సమయం వృథా కాదా?

ఒక భావనను చిన్న వయసులో సులభ రూపంలో పరిచయం చేసి, పెద్దయ్యేకొద్దీ అదే భావన దగ్గరికి మరింత లోతుగా తిరిగి రావాలన్నది అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లో ప్రతిపాదించిన ఆలోచన. సర్పిలాకార పాఠ్యప్రణాళిక అంటారు. మన పుస్తకాలన్నీ కొంతో గొప్పో దాన్ని అనుసరించేవే.

వ్యాపనం సంగతి చూడండి. తొమ్మిదో తరగతి మొదటి పాఠంలో అగరుబత్తి వాసన గదంతా పరుచుకోవడంగా అది పరిచయమవుతుంది. అక్కడ దాని పని, పదార్థంలోని కణాలు నిరంతరం కదులుతున్నాయని చూపించడం. కొన్ని వారాల తర్వాత కణం పాఠంలో కణత్వచం దాటి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ వెళ్ళడంగా కనిపిస్తుంది, పక్కనే ద్రవాభిసరణం (పలచని త్వచం గుండా నీరు వెళ్ళడం) చేరుతుంది. ఉప్పులో ఊరిన మామిడికాయ ముక్క ఎందుకు ముడుచుకుంటుందో అప్పుడు తెలుస్తుంది. పదో తరగతిలో పత్రరంధ్రాలు తెరుచుకోవడం, ఊపిరితిత్తుల్లో వాయువుల మార్పిడి, మూత్రపిండాలు పనిచేయని రోగికి చేసే డయాలిసిస్ అన్నీ అదే భావన మీద నిలబడతాయి. మొదటిచోట టీచరు అగరుబత్తి వెలిగించి ‘ఇది సులభమే’ అని దాటేస్తే తర్వాత నాలుగు చోట్ల మళ్ళీ మొదటి నుంచి చెప్పవలసి వస్తుంది.

తిరిగి వచ్చిన ప్రతిసారీ కొత్తది ఏదైనా చేరుతోందా అన్నది చూడాలి. చేరకపోతే మీరన్నట్టు వృథాయే.

సైన్సు బాగానే చదువుతాడు, లెక్కల్లో వెనుకబడ్డాడు. ఇబ్బందా?

ఇబ్బందే. ఇక్కడ పుస్తకాల వరుసలోనే ఒక లోపం ఉంది. పదో తరగతి కాంతి పాఠంలో వక్రీభవన నియమం చెప్పేటప్పుడు సైన్ విలువలు వస్తాయి. పదో తరగతి గణితంలో త్రికోణమితి ఎనిమిదో అధ్యాయం. చాలా బడుల్లో కాంతి విద్యా సంవత్సరం మొదట్లో వస్తుంది, త్రికోణమితి దసరా సెలవుల దగ్గర వస్తుంది. మధ్యలో కొన్ని నెలల పాటు పిల్లలకు సైన్ అంటే కాలిక్యులేటర్ మీద ఒక బొత్తాం. కటకాల కిరణ చిత్రాలు అర్థం కావాలంటే సరూప త్రిభుజాలు తెలియాలి. అది కూడా ఆ ఏడాది గణితంలోనే ఉంది.

పీహెచ్ విలువ విషయంలో పుస్తకం తెలివిగా తప్పుకుంది. సంవర్గమానాలు (లాగరిథమ్‌లు) తెలియని పిల్లలకు దాన్ని 0 నుంచి 14 వరకు ఉన్న కొలబద్దగా మాత్రమే చెబుతుంది, అసలు నిర్వచనం పీయూసీకి (ఇక్కడి ఇంటర్మీడియట్‌కు) వదిలేస్తుంది. అన్నిచోట్లా ఇంత జాగ్రత్త తీసుకొని ఉంటే బాగుండేది.

ఇంట్లో చేయగలిగింది ఒక్కటే. కాంతి పాఠం మొదలయ్యే వారం ముందు సరూప త్రిభుజాలు, లంబకోణ త్రిభుజంలో సైన్ అంటే ఏ భుజానికి ఏ భుజంతో ఉన్న నిష్పత్తో కూర్చోబెట్టి చెప్పండి. రెండు సాయంత్రాల పని.

ఆవర్తన పట్టిక, జీవపరిణామం పాఠాలు తీసేశారట. నిజమేనా? తీసేస్తే నష్టం ఏమిటి?

నిజమే. కరోనా తర్వాత భారం తగ్గించే పేరుతో జరిగిన కుదింపులో, పదో తరగతి నుంచి మూలకాల ఆవర్తన వర్గీకరణ, జీవపరిణామం, శక్తి వనరులు, సహజ వనరుల యాజమాన్యం వెళ్ళిపోయాయి. తొమ్మిది నుంచి జీవుల వైవిధ్యం, మనం ఎందుకు జబ్బు పడతాం, సహజ వనరులు అనే పాఠాలు, మోల్ భావన పోయాయి. 2023 ఏప్రిల్‌లో పరిణామం పాఠాన్ని తిరిగి పెట్టాలని కోరుతూ 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు.

పై తరగతుల్లో ఎలాగూ ఉన్నాయి కదా అన్నది దీనికి వచ్చిన సమాధానం. ఆవర్తన పట్టిక 11వ తరగతి రసాయన శాస్త్రంలో, పరిణామం 12వ తరగతి జీవశాస్త్రంలో ఉన్న మాట వాస్తవమే. అయితే కామర్సుకు వెళ్ళే మొదటి ప్రశ్నలోని అమ్మాయి ఆ రెండింటినీ ఇక జన్మలో చదవదు. గణితంతో పీయూసీ చేసే అబ్బాయి పరిణామం చదవడు. పదో తరగతి దాకా సైన్సు అందరిదీ అన్న లక్ష్యానికీ ఈ కోతకూ పొంతన కుదరదు.

వరుస పరంగా చూసినా కత్తెర సరైన చోట పడలేదు. అనువంశికత పాఠం ఉంచి, దానికి కొనసాగింపైన పరిణామం తీసేశారు. లోహాలు-అలోహాలు ఉంచి, ఏ మూలకం ఎందుకు లోహమో ఒక్క చూపులో చెప్పే పట్టిక తీసేశారు. జీవుల వైవిధ్యం లేకుండా పదో తరగతిలో అమీబా నుంచి మనిషి దాకా జీవక్రియలు చెప్పమంటున్నారు. భారం తగ్గించాలంటే పేజీలు లెక్కపెట్టడం కన్నా, ఏ పాఠం మీద ఎన్ని పాఠాలు ఆధారపడ్డాయో లెక్కపెట్టవలసింది. మహమ్మారి ముగిసిన వెంటనే జబ్బుల పాఠాన్ని ఎంచుకొని తీసేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తెలంగాణ పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో ఆవర్తన పట్టిక, రసాయన బంధం ప్రత్యేక పాఠాలుగా ఉన్నాయి. పరమాణు నిర్మాణంలో క్వాంటం సంఖ్యలు కూడా చెబుతారు. నా లెక్కలో మొదటి రెండూ అక్కడ ఉండవలసినవే, మూడోది ఆ వయసుకు తొందర.

భౌతికశాస్త్రం ముందా, జీవశాస్త్రం ముందా? విదేశాల్లో ఎలా ఉంది?

మనకు మూడూ సమాంతరంగా నడుస్తాయి కాబట్టి ఈ గొడవ పెద్దగా లేదు. అమెరికాలో చాలా హైస్కూళ్ళు ఏడాదికొక శాస్త్రం చెబుతాయి, సంప్రదాయంగా జీవశాస్త్రం, రసాయనం, భౌతికం అనే వరుసలో. 1988లో నోబెల్ అందుకున్న భౌతికశాస్త్రవేత్త లియాన్ లెడర్‌మన్ దాన్ని తలకిందులు చేయాలని ఏళ్ళ తరబడి వాదించారు. జీవశాస్త్రానికి రసాయనం, రసాయనానికి భౌతికం ఆధారం కాబట్టి భౌతికమే ముందు రావాలని ఆయన మాట. గణితం తగినంత రాకుండా భౌతికం ముందు పెడితే ఏమవుతుందన్నది ఎదుటివారి ప్రశ్న. రెండు వాదనల్లోనూ బలముంది.

మా వాడు అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ నేరుగా తొమ్మిదిలో (లేదా పదిలో) చేరుతున్నాడు. ఏం చూసుకోవాలి?

తొమ్మిదిలో చేరితే కంగారు అక్కరలేదు. విషయాలు చాలా వరకు అవే. కొత్త బడిలో చదువు పూర్తిగా ఇంగ్లిషులో ఉంటే, మొదటి రెండు నెలలు పాఠం ఇంట్లో తెలుగులో ఒకసారి మాట్లాడుకోండి. త్వరణం అంటే ఏమిటో తెలుగులో తెలిసిన పిల్లవాడికి ఇంగ్లిషు పేరు నేర్చుకోవడం ఒక పూట పని. ఏ భాషలోనూ తెలియకపోతే అది వేరే సమస్య.

పదిలో చేరితే మాత్రం మూడు విషయాలు అడిగి చూడండి: పని-శక్తి, ఎలక్ట్రాన్ విన్యాసం నుంచి సంయోజకత (వాలెన్సీ) చెప్పడం, కణంలోని భాగాలు. ఈ మూడూ వస్తే మిగతావి దారిలో సర్దుకుంటాయి. రాకపోతే వేసవి సెలవుల్లోనే తొమ్మిదో తరగతి పుస్తకంలో ఆ మూడు పాఠాలు పూర్తి చేయించండి. మిగిలిన పుస్తకం చదివించకపోయినా నష్టం లేదు.

ఐసీఎస్‌ఈ నుంచి సీబీఎస్‌ఈకి రావడం తేలిక. ఎదురు దారిలో వెళ్ళేవాళ్ళు, ముఖ్యంగా తొమ్మిది పూర్తయ్యాక, ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈలో మూడు శాస్త్రాలూ విడివిడిగా చదవవచ్చు, కలిపి ఒకే సబ్జెక్టుగానూ తీసుకోవచ్చు. పీయూసీలో సైన్సు తీసుకోవాలనుకునేవాళ్ళు విడివిడిగా చదవడమే మేలు.

బడిలో పాఠాలు పుస్తకం వరుసలో చెప్పడం లేదు. ఫిర్యాదు చేయాలా?

వద్దు. పుస్తకం వరుస వేదవాక్కు కాదు. ధ్వని పాఠం ముందు చెప్పినా, కణజాలాలు తర్వాత చెప్పినా కొంపలు మునిగిపోవు. పరమాణు నిర్మాణానికి ముందే సంయోజకతలు బట్టీ పట్టిస్తుంటే మాత్రం మర్యాదగా కారణం అడగండి. మంచి టీచరు దగ్గర కారణం సిద్ధంగా ఉంటుంది.

ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించాలా? మా బంధువుల పిల్లలందరూ హైదరాబాదులో చేరిపోయారు.

మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. బెంగళూరు వచ్చినా ఈ ఆరాటం మనల్ని వదలలేదు. జేఈఈ, నీట్ రెండింటి సిలబస్సూ 11, 12 తరగతులదే. ఫౌండేషన్ పేరుతో చాలాచోట్ల జరిగేది ఆ రెండేళ్ళ పాఠాలను పలచన చేసి ముందుకు లాగడం. ఎనిమిదో తరగతి పిల్లవాడు అవకలనం (డిఫరెన్షియేషన్) గుర్తులు రాస్తుంటే చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. గ్రాఫు వాలు అంటే ఏమిటో తెలియని పిల్లవాడికి ఆ గుర్తులు ఏం చెబుతాయి?

పాఠాల వరుస ఒక ఆధారాల గొలుసు అని పైన చూశాం. దాన్ని ముందుకు లాగినప్పుడు మధ్య కొక్కేలు తెగుతాయి. తెగిన సంగతి వెంటనే బయటపడదు, ఎందుకంటే ఆ వయసులో జ్ఞాపకశక్తి గట్టిది, సూత్రాలు నిలుస్తాయి, వారాంతపు పరీక్షల్లో ర్యాంకులు వస్తాయి. బయటపడేది పీయూసీ మొదటి ఏడాదిలో, తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు. అప్పటికి పిల్లవాడికి ‘ఇదంతా నాకు తెలిసిందే’ అన్న నమ్మకం ఒకటి అడ్డం ఉంటుంది.

మీరు చూస్తున్న సంస్థ మంచిదో కాదో తెలుసుకోవడానికి ఆ పిల్లలను ఒక చిన్న ప్రశ్న అడగండి: ‘బ్యాటరీ మీద 12 వోల్టులు అని ఉంది. ఆ 12 అంటే ఏమిటి?’ ప్రతి కూలుంబు ఆవేశానికీ 12 జౌళ్ళ శక్తి ఇస్తుందని తమ మాటల్లో చెప్పగలిగితే చేర్పించండి. బోర్డు మీద ర్యాంకుల పట్టిక చూసి చేర్పించకండి. సైన్సు మీద నిజంగా ఇష్టమున్న పిల్లలకు తమ తరగతి పాఠాన్నే లోతుగా, కొత్త ప్రశ్నలతో చెప్పే మాస్టారు దొరికితే అంతకన్నా మంచి ఫౌండేషన్ లేదు.

బడిలో ప్రయోగాలు సరిగా చేయించడం లేదు. ఇంట్లో ఏం చేయవచ్చు?

ఖరీదైన సామాను లేకుండా సైన్సు చెప్పలేమన్నది పాత సాకు. మధ్యప్రదేశ్‌లో 1972 నుంచి 2002 వరకు నడిచిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం పల్లె బడుల్లో 6 నుంచి 8 తరగతుల పిల్లల చేత చవక వస్తువులతోనే ప్రయోగాలు చేయించింది. చేసి చూసి, తాము రాసుకున్న ఫలితాలతోనే పాఠం నేర్చుకోవడం అక్కడి పద్ధతి.

బెంగళూరులో ఇల్లే ఒక ప్రయోగశాల. మరుగుతున్న నీటి ఉష్ణోగ్రత గురించి పైన చెప్పాను. మీ అపార్ట్‌మెంటులో బోరు నీరు వస్తుంటే కెటిల్ అడుగున, గీజర్ లోపల తెల్లటి పొర కడుతుంది. బోరు నీటిలోని కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కార్బొనేట్‌గా మారి పేరుకోవడం వల్ల అది వస్తుంది. ఆ పొర ముక్క మీద నిమ్మరసం పిండితే బుడగలు వస్తాయి, అది కార్బన్ డయాక్సైడ్. పదో తరగతి ఆమ్లాలు-క్షారాలు పాఠంలో ఉన్న చర్య ఇదే. అదే కెటిల్‌లో కావేరి నీరు, బోరు నీరు వేర్వేరుగా కాచి తేడా రాసుకోమనండి. రెండింటిలోనూ సబ్బు నురగ ఎంత వస్తుందో పోల్చమనండి. కార్బన్ పాఠం చివర్లో సబ్బు గురించి చదివేటప్పుడు ఆ నోటు పుస్తకం తెరవచ్చు. నురగ మాట వచ్చింది కాబట్టి, బెళ్ళందూరు చెరువు మీద కొండలా లేచిన నురగ గురించి పర్యావరణం పాఠంలో చెప్పకపోతే ఎక్కడ చెబుతాం? ఆ నీళ్ళ మీద మంటలు కూడా లేచాయి.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైనది. ఏటా ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో బెంగళూరులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. అది 12 గంటలకు కాదు, 12:15-12:25 మధ్య జరుగుతుంది. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, ఈ ఊరు దానికి పడమరగా ఉంది. హైదరాబాదులోని బాబాయికి అలాంటి రోజు మే రెండో వారంలో వస్తుంది. ఏప్రిల్ 24న ఇద్దరూ ఒకే పొడవు కర్రలు పాతి, తమ తమ అతి చిన్న నీడను కొలిచి ఫోనులో చెప్పుకుంటే, ఆ కోణాల తేడాతోనూ రెండు ఊళ్ళ మధ్య ఉత్తర-దక్షిణ దూరంతోనూ భూమి చుట్టుకొలత లెక్కకట్టవచ్చు. త్రికోణమితి ఎందుకు నేర్చుకోవాలో అడిగే పిల్లలకు ఇదే జవాబు.

ఊళ్ళో పిల్లలను ఎక్కడికి తీసుకెళ్ళాలి?

కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం అందరికీ తెలిసిందే. యంత్రాలు, విద్యుత్తు ఉన్న భాగాలకు పదో తరగతి పిల్లలను రెండోసారి తీసుకెళ్ళండి. చిన్నప్పుడు బొత్తాలు నొక్కి పరుగెత్తినవాళ్ళు ఈసారి ఆగి చూస్తారు. 1989లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటోరియం, ఏటా జనానికి తలుపులు తెరిచే భారతీయ విజ్ఞాన సంస్థ ఓపెన్ డే కూడా వదులుకోకూడనివి.

లాల్‌బాగ్‌లో పూలు చూసి వచ్చేస్తాం. అక్కడి రాతి గుట్ట వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. మన హైస్కూలు సైన్సులో భూగర్భ శాస్త్రం దాదాపు లేదు, రాళ్ళను సాంఘిక శాస్త్రానికి అప్పగించారు. కాబట్టి ఆ పాఠం అక్కడే, రాతి మీద కూర్చొని చెప్పుకోవాలి.

పునరుత్పత్తి పాఠం ‘ఇంట్లో చదువుకోండి’ అని వదిలేశారు. మేమేం చెప్పగలం?

టీచరు చెప్పవలసిందే. అది పరీక్షలో ఉన్న పాఠం, అంతకన్నా ముఖ్యంగా ఆ వయసుకు కావలసిన పాఠం. బడిని అడగండి. మీరు కూడా పుస్తకం తెరిచి పక్కన కూర్చోండి. మీకు మొహమాటమైతే పిన్నినో, డాక్టరుగా ఉన్న బంధువునో పిలవండి.

తల్లిదండ్రుల సమావేశంలో సైన్సు టీచరును ఏమడగాలి?

సిలబస్ ఎంత పూర్తయిందని అడగకండి. ఆ ప్రశ్న వల్లే వాళ్ళు పరుగెత్తుతారు. ఈ నెల పాఠం దేని మీద ఆధారపడింది, ఆ ఆధారం మా వాడికి ఉందా అని అడగండి. ప్రయోగం రికార్డు ఒకసారి చూపించమనండి. అందులో పిల్లలందరి అంకెలూ ఒకేలా ఉంటే, ఎందుకో మెల్లగా అడగండి.

కొత్త పుస్తకాలు వస్తున్నాయి కదా. అప్పుడు ఈ జవాబులు పనికివస్తాయా?

2023 నాటి కొత్త పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం ఆరో తరగతికి 2024లో, ఏడు, ఎనిమిది తరగతులకు 2025లో కొత్త సైన్సు పుస్తకాలు వచ్చాయి. పై తరగతుల పుస్తకం మారి మీ చేతికి వచ్చినప్పుడు ముందు విషయసూచిక తెరవండి. విద్యుత్తుకు ముందు పని-శక్తి ఉందా, కార్బన్‌కు ముందు పరమాణు నిర్మాణం ఉందా, ఆవర్తన పట్టిక, పరిణామం ఎక్కడున్నాయి అన్నవి చూడండి. పాఠాల పేర్లు, సంఖ్యలు మారవచ్చు. పని తెలియకుండా వోల్టు తెలియదన్నది మారదు.

అక్క వాడిన పుస్తకాలు తమ్ముడి కోసం దాచే ఇళ్ళలో ఒక జాగ్రత్త: పరీక్షకు కొత్త పుస్తకమే చదివించండి. 2022కు ముందు అచ్చయిన పాతది దొరికితే మాత్రం పారేయకండి. తీసేసిన ఆవర్తన పట్టిక, పరిణామం, జబ్బుల పాఠాలు అందులో చక్కగా ఉన్నాయి. వేసవి సెలవుల్లో చదువుకోవచ్చు.